కుక్కపిల్ల కోసం కొన్న గుమ్మం గేటు: ఎక్కువ మేలు పెద్ద కుక్కకే

గుమ్మానికి బిగించే ఉక్కు చువ్వల గేటును కుక్కపిల్లను కట్టడి చేసే వస్తువుగానే అమ్ముతారు. ఏడేళ్ల లాబ్రడార్ ఉన్న ఇంటికి రెండు నెలల పిల్లను తెచ్చుకుంటూ మేము దీనిని కొన్నాము. కొన్ని నెలలు వాడిన మీదట నా అభిప్రాయం వేరుగా ఉంది. పిల్లను ఆపడం కంటే, విసిగిపోయిన పెద్ద కుక్క తప్పుకోవడానికి చోటు కల్పించడంలోనే ఈ గేటు తన విలువ చూపింది.

హద్దులు నేర్పే పని గేటుది కాదు, మనది కూడా చాలావరకు కాదు, పెద్ద కుక్కది. ఎంత గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందో పిల్ల మొదట తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటుంది. ఎనిమిది వారాల వయసులో వాటిని విడిచి వచ్చాక మిగిలిన పాఠం కొత్త ఇంట్లోని పెద్దదాని దగ్గర సాగుతుంది. అప్పటికి దాని నోట్లో ఉన్న 28 పాలపళ్లు సూదిమొనల్లా ఉంటాయి కనుక ఆ పాఠం త్వరగా అవసరమవుతుంది. మా లాబ్రడార్ ఎముక నములుతుండగా పిల్ల దగ్గరికి వస్తే, ముందుగా దాని దవడ ఆగిపోయేది. తల ఎత్తకుండానే, తెల్లగుడ్డు కనిపించేలా కళ్లు పక్కకు తిప్పి చూసేది. అప్పటికీ పిల్ల ఆగకపోతే పై పెదవి ఒక పక్క లేచేది, తరువాత గొంతులోంచి సన్నగా గుర్రుమనేది, చివరికి ఒంటికి తగలకుండా గాలిలో పళ్లు టక్కుమనిపించేది. పిల్ల కుయ్యిమని వెనక్కి తగ్గగానే పెద్దది మళ్లీ ఎముక మీద పడేది, వెంటబడేది కాదు. సరైన మందలింపు ఇంత క్లుప్తంగానే ఉంటుంది. గుర్రుమన్నందుకు పెద్ద కుక్కను మనం కసరడం మొదలుపెడితే, అది హెచ్చరించడం మానేసి నేరుగా కరిచే స్థితికి రావచ్చు.

అయితే పెద్ద కుక్క ఓపిక రోజంతా ఉండదు. ముఖ్యంగా కీళ్లనొప్పులున్న ముసలి కుక్కలకు, మీద దూకే పిల్ల ఒక యాతన. గేటు పనికివచ్చేది అక్కడే. పెద్ద కుక్క ఆవలిస్తూ, పెదవులు నాక్కుంటూ, మాటిమాటికీ మొహం తిప్పుకుంటుంటే, గుర్రుమనే దాకా ఆగకుండా గేటు తీసి అవతలికి పంపవచ్చు. చువ్వల గుండా రెండూ ఒకదానినొకటి చూసుకుంటాయి, వాసన చూసుకుంటాయి. పెద్దది వీపు తిప్పి పడుకుంటే ఆట లేదని పిల్లకు అర్థమవుతుంది. అన్నం పెట్టే వేళ మాత్రం దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు; గిన్నె దగ్గర తగవు అన్నదే ఉండదు.

లోపాలకు వస్తే, గేటు తీయడానికి మనిషి దగ్గర ఉండవలసిందే. ఏడేళ్ల కుక్క చేత దూకించడం మంచిది కాదు, గడియ దానికి చేతకాదు. అడుగున పిల్లులు వెళ్లడానికి పెట్టిన చిన్న తలుపు మా అవసరానికి పూర్తిగా తలకిందులు: పెద్దది పట్టదు, పిల్ల సులువుగా దూరిపోతుంది. ఎవరి కోసం ఆలోచించి పెట్టారో కానీ, దానిని తాడుతో కట్టేశాము. గడియ పడేటప్పుడు వచ్చే ఇనుప చప్పుడుకు పిల్ల మొదట్లో బెదిరేది. గోడకు ఒత్తి బిగించే మరలు పెద్ద కుక్క ఒరిగినకొద్దీ వదులవుతాయి కాబట్టి తరచుగా బిగించాలి. ఈ కారణంగానే మెట్ల పైభాగంలో దీనిని వాడకూడదు. కింది అడ్డకమ్మీ కాలికి తగులుతూనే ఉంటుంది.

మరొక విషయం వాడకానికి సంబంధించినది. పిల్లను ఎక్కువసేపు అవతల ఉంచితే చువ్వలు కొరుకుతూ మొరగడం అలవాటవుతుంది, అది చూసి పెద్దదీ బిగుసుకుంటుంది. గేటు కింది సగానికి దుప్పటి కట్టడంతో ఈ గొడవ బాగా తగ్గింది. రోజులో 18 గంటల దాకా నిద్రపోవలసిన వయసు కాబట్టి, విడిగా ఉంచే సమయాన్ని దాని నిద్రవేళతో కలపడం మేలు.

ఎంత గిల్లినా కిమ్మనని మెతక కుక్క ఉన్న ఇంట్లో ఈ గేటు మరీ అవసరం, ఎందుకంటే అక్కడ హద్దు గీయవలసింది మనుషులే. పెద్దది పిల్లను అదిమిపట్టి వదలకపోయినా, రక్తం వచ్చేలా కరిచినా గేటుతో సరిపెట్టుకోకుండా రెండింటినీ పూర్తిగా విడిగా ఉంచి, పశువైద్యుడిని, ఆ తరువాత శిక్షకుడిని సంప్రదించాలి. కొనేవారు గుమ్మం వెడల్పును పైన, కింద విడివిడిగా కొలుచుకోవాలి, చువ్వల మధ్య పిల్ల తల పట్టదని చూసుకోవాలి, చిన్న తలుపు లేని రకాన్నే ఎంచుకోవాలి.