నూటపది చదరపు అడుగుల గదికి రెండు టన్నుల ఏసీ: రెండేళ్లు వాడిన తరువాత

తిరుపతిలో సొంత ఇల్లు ఉన్నవారికి దర్శనానికి వచ్చే బంధువులు తప్పరు. ఆ లెక్కతోనే రెండేళ్ల కిందట వేసవి మొదట్లో, కొర్లగుంటలోని మా ఇంటి పడకగదికి రెండు టన్నుల ఫిక్స్‌డ్ స్పీడ్ (కంప్రెసర్ ఒకే వేగంతో నడిచే) స్ప్లిట్ ఏసీ కొన్నాము. గది పది అడుగులకు పదకొండు. పైన మరో అంతస్తు ఉన్నందున స్లాబు ఎండకు కాగదు. అటువంటి గదికి ఒక టన్ను, అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని తోడివేసే యంత్రం, చాలు. "పెద్దదైతే కంప్రెసర్ మీద భారం ఉండదు సార్" అని అంగడిలో చెప్పిన మాట మాకు నచ్చింది. బ్రాండు పేరు రాయడం లేదు, ఎందుకంటే యంత్రంలో తయారీ లోపమేదీ మాకు కనబడలేదు.

మే నెల ఎండల్లో కూడా ఐదారు నిమిషాలకే గది చల్లబడేది. ఇబ్బంది చెమ్మతో మొదలైంది. 25 డిగ్రీలకు పెడితే కంప్రెసర్ కాసేపు నడిచి ఆగిపోయేది. లోపల గాలిని చల్లబరిచే గొట్టాల వరుస, అంటే కాయిల్ మీద చేరిన తడి డ్రెయిన్ పైపు దాకా జారేలోపే, ఆగకుండా తిరిగే బ్లోయర్ గాలికి ఆరి మళ్లీ గదిలోకే వచ్చేది. గాలి చల్లగానే తగిలేది గాని, దుప్పటి తడి ఆరనట్టుగా ఉండేది. ఆ చెమ్మ పోతుందని రిమోట్‌లో 18కి దించి, శబ్దం తగ్గుతుందని ఫ్యాను వేగం కూడా తగ్గించాము. ఐసుకు మేమే దారి తీశామని అప్పట్లో మాకు తెలియదు.

నవంబరు వానల్లో ఒక రాత్రి అప్పడం విరిగినట్టు చిటపటమని శబ్దం వచ్చింది, వెంటనే తలగడ మీద నీళ్లు పడ్డాయి. ముందు మూత ఎత్తి చూస్తే, పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడకు పట్టినట్టు, రేకుల సందులు కూడా కనబడకుండా తెల్లటి ఐసు ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా పరుచుకుని ఉంది.

పిలిపించిన మొదటి మెకానిక్ కాయిల్ వైపు సరిగా చూడకుండానే "గ్యాస్ పట్టించేస్తే సరిపోతాది సార్" అన్నాడు. రెండుసార్లు పట్టించాము, రెండుసార్లూ పది రోజులు తిరగకుండానే మళ్లీ ఐసు కట్టింది. తరువాత వచ్చిన పెద్దాయన ఆ మాట విని నవ్వి, "గ్యాస్ యాడికి పోతాది సార్, లీకు లేకపోతే పైపులో ఉండేది పైపులోనే తిరగతా ఉంటాది" అన్నాడు. గ్యాసు తక్కువైతే అది కాయిల్‌లోకి ప్రవేశించే చోట ముందుగా ఐసు పడుతుందనీ, కాయిల్ అంతటా ఒకే తీరుగా పడితే ముందు గాలినే అనుమానించాలనీ ఆయన చూపించి చెప్పాడు.

ఫిక్స్‌డ్ స్పీడ్ కంప్రెసర్‌కు నెమ్మదిగా నడవడం తెలియదు. నడిస్తే పూర్తి బలంతోనే నడుస్తుంది. చిన్న గదిలో, తక్కువ గాలితో, అంత బలానికి సరిపడా వేడి కాయిల్‌కు అందదు. అప్పుడు లోపలి గ్యాసు ప్రెషర్ పడిపోయి, కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగి, దాని మీది తడి గడ్డకడుతుంది. ఆ గడ్డ గాలికి అడ్డుపడినకొద్దీ ఐసు మరింత పెరుగుతుంది. వాన రాత్రి బయట చల్లగా ఉండడం కూడా ఇందుకు తోడవుతుంది.

ఐసు కట్టకముందే కంప్రెసర్‌ను ఆపవలసిన కాయిల్ సెన్సార్, పెన్ను మూతంత ఉంటుంది, తన గొట్టంలో నుంచి జారి వైరుకు వేలాడుతూ కనబడింది. అంతకుముందు జెట్ వాష్ చేసినవారు దానిని తిరిగి గుచ్చలేదని నా అనుమానం. ఆయన దానిని గుచ్చి, మేము డబ్బిచ్చి అదనంగా ఎక్కించుకున్న గ్యాసును మొత్తం తీసి, వ్యాక్యూమ్ పట్టి (పైపుల్లోని గాలి, చెమ్మ లాగేసి), ఏసీకి అతికించిన వివరాల ప్లేటు మీద ఉన్న బరువు ప్రకారం ఆర్32 గ్యాసును తూకం వేసి నింపాడు. స్క్రూడ్రైవర్‌తో ఐసు గీకబోయిన నన్ను మందలించాడు కూడా; రేకులు వంగడమే కాక పైపుకు చిల్లు పడే ప్రమాదం ఉందట. కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే రెండు మూడు గంటలు తిప్పితే ఐసు దానంతటదే కరుగుతుంది.

ఆ తరువాత 24కు తగ్గకుండా, ఫ్యాను ఎక్కువ వేగంలో ఉంచి, పదిహేను రోజులకొకసారి ఫిల్టర్ కడుగుతూ ఏడాదికి పైగా వాడాము. ఐసు మళ్లీ పట్టలేదు, చెమ్మ మాత్రం పోలేదు. జాగ్రత్తలు ఐసును ఆపగలవు గాని గదిని పెద్దది చేయలేవు కదా. చివరికి ఈ వేసవిలో దానిని పద్దెనిమిదికి పదహారు అడుగుల హాలులోకి మార్చి, పడకగదికి అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగాన్ని తగ్గించుకునే ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ తెచ్చాము. హాలులో ఎనిమిది మంది బంధువులు పడుకున్న రోజు కూడా పాతది బాగా పనిచేసింది. అక్కడైతే దానికి ఐదుకు నాలుగు ఇస్తాను, పడకగదిలో ఒకటికి మించి ఇవ్వలేను.

కొత్తది గదిని చల్లబరచడానికి పావుగంట తీసుకుంటుంది. డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్టు పాత ఏసీతో తెల్లారేసరికి సగం కూడా నిండేది కాదు. ఇప్పుడు రాత్రి ఒకసారి లేచి పారబోయవలసి వస్తోంది.