కార్క్‌లో బోటి, పాలు, ఉల్లిగడ్డ

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లో ఐర్లండ్ దక్షిణాన ఉన్న కార్క్ ఊరు. మా మేనల్లుడు అక్కడి యూనివర్సిటీలో చదువుతున్నాడు. శుక్రవారం పొద్దున వెళ్ళి సోమవారం తిరిగొచ్చాం. వెస్టర్న్ రోడ్డు మీద ఒక పెద్దావిడ నడిపే బీ అండ్ బీలో, అంటే పడకా పొద్దున టిఫినూ ఇచ్చే ఇంట్లో దిగాం. గది చిన్నది, శుభ్రంగా ఉంది. మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గది ముందే అడిగి పెట్టుకోవాలి.

వెళ్ళగానే ఆమె టీ పెట్టి ఇచ్చారు. బ్యారీస్ టీ, 1901 నుంచి ఆ ఊరిదే. ఎక్కడ తింటే బాగుంటుందని అడిగితే, ముందు మూతపడిన హోటల్ గురించి మొదలుపెట్టారు. మాంటెనాటె గుట్ట మీద ఆర్బ్యూటస్ లాడ్జ్ ఉండేదట. ర్యాన్ కుటుంబం నడిపేది. గొప్ప భోజనశాలలకి ఇచ్చే మిషెలిన్ స్టార్ 1970ల్లోనే ఉన్న చోటు. తన పెళ్ళి కుదిరినప్పుడు నాన్న అక్కడికి తీసుకెళ్ళారని, ఆ రోజు ఏమేం తిన్నారో వరసగా చెప్పారు. చెప్పడం అయ్యాక ఒకటే మాట అన్నారు: ముందు ఇంగ్లిష్ మార్కెట్‌కి వెళ్ళండి, మిగతావి తర్వాత.

వెళ్ళాం. 1788 నాటి మార్కెట్ అది. 1980లో అగ్నిప్రమాదం జరిగినా మళ్ళీ నిలబెట్టుకున్నారు. ఒక పక్క చేపలు, ఇంకో పక్క మాంసం, జున్నుగడ్డలు, రొట్టెలు. 2011లో ఎలిజబెత్ రాణి వచ్చి చేపల వ్యాపారి పాట్ ఓకానెల్‌తో నవ్వుతూ మాట్లాడింది ఇక్కడే. పైన మేడ మీద ఫార్మ్‌గేట్ కేఫ్ ఉంది, 1994లో పెట్టారు. కింది అంగళ్ళ సరుకే పైన వంటకి వెళ్తుంది. పిట్టగోడ పక్కన కూర్చుంటే, మన పళ్ళెంలోకి వచ్చినదాన్ని కింద ఎవరో బేరమాడి కొనుక్కోవడం కనిపిస్తుంది.

నేను ట్రైప్, డ్రిషీన్ చెప్పాను. ట్రైప్ అంటే మన బోటి. డ్రిషీన్ అంటే పేగులో నింపి ఉడికించిన రక్తం, మన నల్లకి దూరపు చుట్టం. ఒకప్పుడు కార్క్ నుంచి ఓడల కోసం ఉప్పు పట్టిన గొడ్డుమాంసం పీపాలకి పీపాలు పోయేది. మంచి మాంసం ఓడెక్కితే పేగులు, పొట్ట, రక్తం ఊళ్ళో మిగిలేవి. పేదవాళ్ళు వాటినే వండుకున్నారు. కథ మనకి కొత్తేమీ కాదు, వంట మాత్రం పూర్తిగా వేరు. వరంగల్‌లో బోటి అంటే కారం, గరం మసాలా, లేకపోతే గోంగూర. ఇక్కడ పాలలో ఉల్లిగడ్డ వేసి తెల్లగా ఉడికిస్తారు. మొదటి ముద్ద చప్పగా అనిపించింది. మిరియాల పొడి చల్లుకుని, వెన్న రాసిన రొట్టెతో తింటే ఉల్లిగడ్డ తీపి మెల్లగా తెలిసింది. డ్రిషీన్ జున్నులా మెత్తగా ఉంది. బోటి తినేవాళ్ళెవరైనా దీన్ని ఒక్కసారి తిని తీరాలి. ఆదివారం మార్కెట్ ఉండదు, ఆ లెక్కతో ప్రయాణం పెట్టుకోండి.

రాత్రి మేనల్లుడు బ్యాండన్ రోడ్డులోని జాకీ లెన్నాక్స్‌కి తీసుకెళ్ళాడు. 1951 నుంచి ఉన్న చేపల వేపుడు, చిప్స్ దుకాణం. ఉప్పు, వెనిగర్ చల్లి పొట్లం కట్టి ఇస్తారు. వేడివేడిగా నడుస్తూ తినేయాలి, గదికి తెస్తే మెత్తబడిపోతాయి.

శనివారం మా ఆవిడ నీచు ముట్టదు. ఐర్లండ్‌లో ఆ రోజెలా గడుస్తుందా అని ఇంటి దగ్గర నుంచే టెన్షన్ పడింది. నది ఒడ్డున లాంకాస్టర్ కీ అనే వీధిలో ఉన్న పారడీసో ఆ టెన్షన్ తీర్చింది. డెనిస్ కాటర్ 1993లో పెట్టిన శాకాహార భోజనశాల ఇది. మాంసం తీసేసి మిగిలింది వడ్డించడం కాదు, ప్రతి కూరగాయనీ దాని కోసమే ఆలోచించి వండారు. పళ్ళెంలో ఏముందో వడ్డించే అమ్మాయి ఓపికగా చెప్పింది. ఖరీదెక్కువే. ముందే బుక్ చేసుకోవాలి. మా ఆవిడ లెక్కలో ఈ ప్రయాణంలో అన్నిటికన్నా మంచి భోజనం అదే, నేను కూడా కాదనను.

ఆదివారం నది పక్కన ఒక హోటల్లో ముప్పావుగంట కూర్చోబెట్టి, చివరికి వంటగది మూసేశామన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే మా పూట పోయేది కాదు. ఆ ఊళ్ళో చాలా చోట్ల వంటగది తొందరగా కట్టేస్తారు, లోపలికి వెళ్ళగానే అడగడం మంచిది.

సోమవారం బయలుదేరేటప్పుడు ఇంటావిడ ట్రైప్ సంగతి అడిగారు. వాళ్ళమ్మ వండేదట, ఆమె పోయాక తను ఎప్పుడూ వండలేదట. మా ఆవిడ బోటి, గోంగూర ఎలా చేస్తుందో చెప్పింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రాసుకున్నారు. గోంగూర బదులు ఏం వేయాలని అడిగితే, ఏదైనా పుల్లని ఆకు చాలంది మా ఆవిడ.