నాలుగు రంధ్రాల బర్డ్ ఫీడర్: బొమ్మ పిచ్చుకది, మేత పావురాలది

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే రకం ఇది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం, నాలుగు రంధ్రాలు, ఒక్కోదాని కింద వాలడానికి ఓ పుల్ల, అడుగున వెడల్పాటి పళ్లెం. డబ్బా మీద పిచ్చుక బొమ్మ ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో దీన్ని ఉన్నదున్నట్టు వేలాడదీస్తే వారం తిరక్కుండా పావురాల పాలవుతుంది. అలాగని కొనొద్దని కాదు. కొన్నాక ఓ గంట కటింగ్ ప్లయరూ స్క్రూడ్రైవరూ పట్టాలి, అంతే.

అసలు లోపం పళ్లెం దగ్గరుంది. పావురానికి సన్నటి పుల్ల మీద నిలదొక్కుకోవడం కష్టం, చదునైన చోటు కావాలి. ఆ చోటు కంపెనీవాళ్లే అమర్చి ఇచ్చారు. 300 గ్రాములు దాటే పావురం దాని మీద దిగిందంటే గొట్టమంతా ఊగుతుంది. 30 గ్రాములు కూడా ఉండని పిచ్చుక పై రంధ్రం దగ్గర కూడా నిలవలేదు. నాలుగు రంధ్రాలున్నంత మాత్రాన నాలుగు వాటాలు కావు మరి.

పైగా తినే వేగం వేరు. పిచ్చుకైనా, మునియా అనే చిన్న గింజల పిట్ట అయినా గింజను ముక్కులో దొర్లించి, పొట్టు ఒలిచి, పప్పు మింగుతుంది. పొట్టు ముక్కు పక్కనుంచి రాలుతుంది. పావురానికి ఒలిచే పని లేదు. గింజకు గింజ మింగి మెడ కింది సంచిలో నింపుకుని పోతుంది. పళ్లెం నిండుగా ఉందని మురిసిపోకండి, ఓసారి ఊది చూడండి. చాలావరకు పొట్టే ఎగిరిపోతుంది.

రంధ్రాల కొలత కూడా తప్పే. పొద్దుతిరుగుడు గింజకు సరిపోయేలా పెట్టారు. అందులో కొర్రలు, సామలు పోస్తే ధారగా కారిపోతాయి. కిందపడ్డ గింజలే పావురాలకు పిలుపు. లోపలివైపు నుంచి టేపు అంటించి, చిటికెన వేలు కూడా దూరనంత సందు మిగల్చండి.

పళ్లెం స్క్రూ విప్పి తీసేయండి. పుల్లల్ని అంగుళానికి కత్తిరించండి. పిచ్చుకకు చాలు, పావురానికి చాలదు. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే గొట్టం చుట్టూ 4 సెంటీమీటర్ల కన్నాల ఇనుప జాలీ, గొట్టానికి అయిదంగుళాల ఎడం ఉంచి కట్టాలి. దగ్గరగా కడితే పావురం బయటే నిలబడి మెడ సాచి తినేస్తుంది. జాలీ అంచులు మడవకపోతే చిన్న పిట్టల కాళ్లు గీసుకుంటాయి.

రామచిలుకతో ఇంకో తంటా. పొట్టి పుల్ల దాన్ని ఆపదు, తలకిందులుగా వేలాడి మరీ తింటుంది. ప్లాస్టిక్ రంధ్రం అంచుల్ని కొరికి వెడల్పు చేస్తుంది. దాన్ని తరమడం కన్నా బాల్కనీ ఆ చివర ఓ మొక్కజొన్న కంకి తీగతో కట్టడం తేలిక. తన మేత తనకు వేరే దొరికితే ఇటు రావడం తగ్గుతుంది.

పోటీ తగ్గే దారే అది. రాబర్ట్ మెకార్థర్ అనే శాస్త్రవేత్త ఈశాన్య అమెరికా అడవుల్లో అయిదు రకాల వార్బ్లర్ పిట్టల్ని గమనించి, అవి ఒకే చెట్టు మీద వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు కొమ్మల భాగాల్లో ఎక్కువగా మేస్తాయని 1958లో రాశాడు. బాల్కనీలోనూ అంతే, ఒక గొట్టానికి ఇంకో గొట్టం చేర్చితే కొట్లాట రెండు చోట్ల జరుగుతుంది. మేతనూ చోటునూ రెండింటినీ మార్చాలి. అందుకే ‘అన్ని పక్షులకూ’ అని అమ్మే కలగలుపు ప్యాకెట్ దండగ. పిచ్చుక కొర్రల కోసం జొన్నల్నీ గోధుమల్నీ ముక్కుతో చిమ్మేస్తుంది, అవి నేల మీద పావురాలకు విందు. బేగంబజార్‌లోనో మోండా మార్కెట్‌లోనో కొర్రలు, సజ్జలు విడిగా కొనుక్కోండి. పొద్దున రెండు గుప్పిళ్లు పోయండి, మధ్యాహ్నానికి ఖాళీ అయిపోవాలి. మిగిలిందంటే ఎక్కువ పోశారని లెక్క.

గోరింకలు, బుల్‌బుల్ పిట్టలు ఈ గొట్టం కోసం రావు. వాటికి జామ ముక్కో బొప్పాయి ముక్కో ఓ మేకుకు గుచ్చండి. తేనెపిట్టలకు చక్కెర నీళ్లెందుకు, కుండీలో హమేలియా అనే పూలమొక్క పెడితే సరి. పిచ్చుక పిల్లలకు మాత్రం పురుగులే కావాలి. ఆ లోటు ఏ ఫీడరూ తీర్చదు, మందు కొట్టని మొక్కలు తీరుస్తాయి.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది. అట్టడుగు రంధ్రానికి కిందనున్న గింజలు ఏ పిట్టకూ అందవు, తడిసి బూజు పడతాయి. అడుగున 3 మిల్లీమీటర్ల చిల్లులు నాలుగు పెట్టి, ఆ రంధ్రం మట్టం దాకా గులకరాళ్లు పోయండి. వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపాలి.

డబ్బాలోంచి తీసింది తీసినట్టే అయితే అయిదుకు రెండు, ఈ మార్పులన్నీ చేశాక నాలుగు మార్కులు. కింద ఎండిన పావురం రెట్టను మాత్రం పొడిగా ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తుడవండి.