ముట్టుకోనిచ్చే మ్యూజియాలు: పోచంపల్లి నుంచి సాగర్ దాకా

పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే పావుగంటకే "ఇంక పోదామా" అంటారు. అద్దం వెనక వస్తువు, కింద చిన్న చీటీ, పక్కన "ముట్టరాదు" అని బోర్డు. వాళ్లను అని లాభం లేదు. అందుకే ఈసారి నవంబరులో పాత నల్లగొండ జిల్లా చుట్టి వద్దామనుకున్నప్పుడు ఒకటే షరతు పెట్టుకున్నాం: చూడ్డం కన్నా చెయ్యడం ఎక్కువ ఉండాలి. బయల్దేరింది నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మా పాప, మోకాళ్ల నొప్పులంటూనే అందరికన్నా ముందు కారెక్కి కూర్చునే మా అత్తమ్మ.

మొదట భూదాన్ పోచంపల్లి. 2016లో జిల్లాలు విడదీశాక ఇది యాదాద్రి భువనగిరిలోకి పోయింది గానీ మా వైపు వాళ్లు ఇప్పటికీ నల్లగొండ కిందే లెక్కేస్తారు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు వంద ఎకరాలు ఇస్తానని వినోబా భావే ముందు చెప్పిన ఊరు, భూదానోద్యమం మొదలైన ఊరు ఇదే. వినోబా మందిరం చూడ్డానికి పది నిమిషాలు చాలనుకున్నాం. అత్తమ్మ అక్కడ ఫొటోలన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ నిలబడింది, మేం బయట చెట్టు కింద కూర్చున్నాం.

ఊళ్లో పర్యాటక శాఖ కేంద్రంలో చేనేత మ్యూజియం ఉంది. చిన్నదే. కానీ ముందు అది చూసి, తర్వాతే ఊళ్లోకి వెళ్లండి. పోగు చుట్టే ఆసు ఏది, పడుగు (నిలువు పోగులు) ఏది, పేక (అడ్డ పోగులు) ఏది, నూలు చుట్టిన కండె ఎలా ఉంటుంది, పేకను అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఎలా ఉంటుంది అని తెలిస్తే నేతగాళ్ల ఇంట్లో అడగడానికి మీకు మాటలుంటాయి. లేకపోతే "ఇదేంటి, అదేంటి" దగ్గరే గంట గడిచిపోతుంది, వాళ్లకూ విసుగొస్తుంది.

అసలు మ్యూజియం అయితే ఇళ్లలోనే ఉంది. ఒక చీరల దుకాణంలో పెద్దాయనను "కొనడం తర్వాత, ముందు పాపకు చేసి చూపించే వాళ్లెవరైనా ఉన్నారా" అని అడిగాం. ఆయన ఫోన్ చేసి రెండు వీధుల అవతలి ఇంటికి పంపాడు. ఆ ఇంటి పెద్దమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. ముందు గదిలో ఆసు మిషన్, వెనక వసారాలో పాత చేతి ఆసు. మిషన్ వచ్చాక చేతి ఆసుతో పనిలేదు, మీలాంటోళ్లు వస్తే చూపించడానికి ఉంచానంది.

చేతి ఆసు అంటే అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు కొట్టిన చెక్క. మధ్యలో ఉన్న మేకు నుంచి అంచు మేకుకు, మళ్లీ మధ్యకు, పోగును తిప్పుతూ పోవాలి. పాప ఉత్సాహంగా మొదలుపెట్టి కాసేపటికే భుజం పట్టుకుంది. ఒక్క చీరకు వేలసార్లు ఇలా చెయ్యి ఆడాలని విన్నప్పుడు దాని మొహం చూడాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఇదే పనితో వాళ్లమ్మ లక్ష్మి పడే భుజాల నొప్పి చూడలేక మిషన్ తయారు చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ కథ పాప ఇంతకుముందే విన్నది, అప్పుడు మామూలుగా తలూపింది. ఈసారి పక్క గదిలోకి వెళ్లి మిషన్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి వచ్చింది.

తర్వాత చిటికి కట్టడం. బిగించిన పోగుల మీద పెన్నుతో గీసిన గుర్తులుంటాయి. ఆ గుర్తుల మధ్య రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు చుట్టి ముడెయ్యాలి. పాప వేసిన ముడి చూసి పెద్దమ్మ నవ్వింది.

"గట్ల వదులు కడితే రంగు లోపటికి దూరుతది బిడ్డా. జడకు రబ్బర్ బ్యాండు ఎట్ల పెడ్తవు? గట్ల గుంజి చుట్టు."

రెండో ముడి కాస్త నయం. రంగు అద్దడం మాత్రం చూడ్డానికే పరిమితం అయ్యాం. నీళ్లు మరుగుతుంటాయి, రసాయనాలు ఉంటాయి, పిల్లలను ఆ గంగాళం దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది. రంగులోంచి తీసి ఆరిన పోగులకు రబ్బరు విప్పాక పాప కట్టిన చోట తెలుపు అంచు కొంచెం మసకగా వచ్చింది. ఇలా పోగులకు ముందే ముడులేసి రంగులద్ది నేసేదే ఇక్కత్. ఆ నమూనాల అంచులన్నీ అలా కొద్దిగా చెదిరినట్టే ఉంటాయి, కానీ పెద్దమ్మ కట్టిన చోట చెదిరింది వెంట్రుకవాసి, పాప కట్టిన చోట వేలెడు.

ఆఖరికి గుంట మగ్గం. కాళ్లు గుంతలోకి వేలాడేసి కూర్చోవాలి. పాపకు కాళ్లు అందలేదు, పెద్దమ్మ కొడుకు కింద తొక్కితే పైన తాడు గుంజి నాడె విసిరింది. నాలుగైదు పోగులు నేసి దిగింది. మేం చాయ్ తాగుతుంటే ఆ అబ్బాయి మళ్లీ మగ్గం మీద కూర్చుని పాప నేసిన పోగులన్నీ ఒక్కొక్కటే ఊడదీశాడు. అది ఆర్డర్ చీర మరి. మా సరదాకు వాళ్ల పని ఎంత ఆగిందో అప్పుడు లెక్కకొచ్చింది.

ఇక డబ్బుల మాట. ఎంతివ్వమంటారు అంటే "మీ ఇష్టం" అన్నారు. ఇంతకన్నా ఇబ్బంది పెట్టే జవాబు ఇంకోటి లేదు. మేం వెయ్యి రూపాయలిచ్చి, చీర వేరే కొన్నాం. నా ఉద్దేశంలో ఈ రెంటినీ కలపకూడదు. చీర కొన్నాం కదా అని సమయానికి డబ్బులివ్వకపోవడం, సమయం ఇచ్చారు కదా అని చీర ధర తగ్గించమనడం రెండూ అన్యాయమే. పోయిన ఏడు మా చెల్లెలు హైదరాబాద్ నుంచి ఒక ఏర్పాటుదారుల బస్సులో "ఇక్కత్ వర్క్‌షాప్" కని వచ్చింది. తలకు రెండున్నర వేలు, అందులో భోజనం, ఒక స్టోల్. నేర్పిన నేతగాడికి మొత్తం మందికి కలిపి ఎంత ముట్టిందని అడిగితే ఆయన చెప్పిన అంకె ఒక్కరి టికెట్ కన్నా తక్కువ. నేరుగా వెళ్లండి. ఊరి మొదట్లో "మ్యూజియం చూపిస్తా సార్" అని బండి మీద వెంటపడే కుర్రాళ్లు నేరుగా ఏదో ఒక షోరూంకే తీసుకెళ్తారు, వాళ్లకు దండం పెట్టి సాగిపోండి.

మర్నాడు చౌటుప్పల్ మీదుగా పుట్టపాక. ఇక్కడ తేలియా రుమాలు నేస్తారు, 2020లో దానికి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. గజం గోవర్ధన్, గజం అంజయ్య ఇద్దరూ పద్మశ్రీలు అందుకున్న నేత ఇది. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెడతారు, ఆ తర్వాతే ఎరుపు, నలుపు రంగులు. ఆ నూలు కండె పాప ముక్కు దగ్గర పెట్టుకుని "ఊరగాయ జాడీ మూత తీసినట్టుంది" అంది. ఇక్కడ చెయ్యి పెట్టడానికి ఏమీ దొరకలేదు, పని అంత నాజూకు, అడగడానికి మాకే మనసొప్పలేదు. పిల్లలు లేకుండా, బట్టల మీద ఇష్టంతో వచ్చేవాళ్లకు పోచంపల్లి కన్నా ఇదే బాగుంటుంది.

రాత్రి నల్లగొండలో బస్టాండ్ దగ్గరి ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రమే. వేడినీళ్లు మాత్రం ఆరు నుంచి ఎనిమిది వరకేనని ముందు చెప్పరు, ఎనిమిదింబావుకు అడిగితే చెప్తారు. రోడ్డు వైపు గది వద్దని అడిగి మరీ తీసుకోండి, లారీల హారన్లకు అత్తమ్మ తెల్లవార్లూ మేలుకునే ఉంది. తిండికి మాత్రం ఢోకా లేదు. పక్క సందులోని మెస్‌లో జొన్నరొట్టె, నాటుకోడి కూర తిని మా ఆయన లాడ్జిని క్షమించేశాడు.

పానగల్ నల్లగొండను ఆనుకునే ఉంటుంది. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు, ఆవరణలోని మ్యూజియంలో దాచిన విగ్రహాలు, శాసనాలు తీరిగ్గా చూడాల్సినవి. మేం వెళ్లింది నవంబరు 19 నుంచి 25 దాకా జరిగే ప్రపంచ వారసత్వ వారంలో. దాని కోసమే తేదీలు అలా కుదుర్చుకున్నాం. చరిత్ర మీద ఇష్టం ఉన్న కొందరు ఊరివాళ్లు, ఒక రిటైర్డ్ లెక్చరర్ కలిసి చెట్టు కింద పిల్లలకు శాసనాల అచ్చు తీయడం నేర్పిస్తున్నారు. రక్షిత కట్టడాల రాళ్లకు అనుమతి లేకుండా ఇంకు రాయకూడదు కదా, అందుకని పాత లిపిలో అక్షరాలు చెక్కిన ప్లాస్టర్ పలకలు తయారు చేసి తెచ్చారు.

పలకను తడిపి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్‌తో దాని మీద కొట్టాలి. గీతల్లోకి కాగితం దిగేదాకా ఆపకూడదు. ఎక్కువ కొడితే చిరుగుతుంది, తక్కువ కొడితే అక్షరం పడదు. సగం ఆరాక గుడ్డ ఉండకు ఇంకు తీసుకుని పైపైన అద్దుతూ పోతే చుట్టూ నల్లబడి అక్షరాలు తెల్లగా తేలతాయి. పాప రెండు కాగితాలు చింపి మూడోది సాధించింది. అందులో ముందుగా గుర్తుపట్టిన అక్షరం "గ". అక్కడి నుంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడానికి అరగంట పట్టింది, మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి పోదామనలేదు.

ఆ లెక్చరర్ సార్ చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివైక్యం చెందారని అందులో ఉంది, కాలం 1289 నవంబరు. రాణి చనిపోయిన సంవత్సరం మనకు తెలిసింది మా జిల్లాలోని ఆ రాయి వల్లే. ఇలాంటిది చదివే పద్ధతి పిల్లలకు నేర్పడానికి కావలసినవి కాగితం, ఇంకు, బ్రష్. ఏడాదికో వారమే ఎందుకు, మ్యూజియం వసారాలో నెలకో ఆదివారం పెట్టొచ్చు కదా అనిపించింది. నిర్వాహకులను అడిగితే, వచ్చే పిల్లలుంటే మేం సిద్ధమే అన్నారు.

దగ్గర్లోనే ఛాయా సోమేశ్వరాలయం. లింగం వెనక పగలంతా నిలిచే నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, పలు దిక్కుల వెలుగును గర్భగుడి ముందరి స్తంభాలు కలిసి అడ్డుకోవడంతో పడేది. పాప ఒక్కో స్తంభం ముందు నిలబడి చెయ్యి ఊపి నీడ కదులుతుందేమో చూసింది. పూజారిగారు ఏమీ అనలేదు, అలవాటే అనుకుంటా.

అక్కడి నుంచి నాగార్జునసాగర్. ఇక్కడ 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 2022 మేలో మొదలైంది. మహాస్తూపం, బుద్ధుడి పూర్వజన్మలు చెప్పే జాతక కథల శిల్పాలు, శ్రీలంకలోని అవుకన బుద్ధుడి నమూనా అన్నీ బాగున్నాయి. నడక ఎక్కువ, ఎండలో వద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సాయంత్రం పూటే వెళ్లాలి. కానీ మేం వెతుకుతున్న "చెయ్యడం" ఇక్కడ కాదు, ఇది తిరిగి చూసే చోటు. రాత్రికి పర్యాటక శాఖ వారి విజయ్ విహార్‌లో ఉన్నాం. బాల్కనీలోంచి జలాశయం కనిపిస్తుంది, ప్రయాణం మొత్తంలో అత్తమ్మ హాయిగా నిద్రపోయింది ఇక్కడే.

ఒకేసారి ఇవన్నీ పెట్టుకోవాలంటే కుదురుతుంది గానీ పిల్లలతో అయితే సాగర్‌ను విడిగా ఉంచుకోండి. పోచంపల్లికి ఒక పూర్తి పూట, పానగల్‌కు ఇంకో పూట ఇవ్వండి, వారసత్వ వారంలో అయితే మరీ మంచిది. పదేళ్ల లోపు పిల్లలకు చిటికి కట్టడం కష్టం, ఆసు చాలు. వెళ్లే ముందు క్యాలెండర్ చూసుకోవడం మాత్రం మరవకండి. పోచంపల్లిలో మేం గుమ్మం దిగుతుంటే పెద్దమ్మ పిలిచి మరీ చెప్పింది: "ఈసారి వస్తే అమాస నాడు రాకుండ్రి, ఆ దినం మగ్గం మీద కూసోం."