విశ్వకిరణాల త్వరణంపై ఒక ఆన్‌లైన్ పాఠ్యక్రమం: సమీక్ష

సూపర్నోవా అవశేషాలు (పేలిన నక్షత్రాల శకలాలు) విశ్వకిరణాలకు, అంటే అంతరిక్షం నుంచి దాదాపు కాంతివేగంతో వచ్చే ఆవేశిత కణాలకు, అంతటి శక్తిని ఎలా సమకూరుస్తాయో వివరించే వీడియో పాఠ్యక్రమం ఒకదాన్ని ఇటీవల పూర్తి చేశాను. విశ్వకిరణాలను బయటపెట్టిన విక్టర్ హెస్ 1912 నాటి బెలూన్ యాత్ర, వాటికి మూలం సూపర్నోవాలేనన్న బాడే, జ్విక్కీల 1934 నాటి ప్రతిపాదన మొదటి పాఠంలోనే ముగిసిపోతాయి. చరిత్ర కోసం వచ్చినవారికి అది చాలదు గానీ, నాకు ఆ తొందర నచ్చింది.

అసలు బలం మూడో పాఠంలో ఉంది. పేలిన నక్షత్రం నుంచి సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వెలువడిన పదార్థం చుట్టూ ఉన్న వాయువులో అభిఘాత తరంగాన్ని (వాయువును హఠాత్తుగా నొక్కుతూ దూసుకెళ్లే అంచును) లేపుతుంది. అయస్కాంత క్షేత్రపు అలజడుల్లో చెదిరే కణం ఆ తరంగాన్ని అటూ ఇటూ దాటుతుంటే, ఏ వైపున ఉన్నా అవతలి వాయువు తన మీదికే వస్తున్నట్టు ఉంటుంది కనుక, దాటిన ప్రతిసారీ దాని శక్తి కొంత పెరుగుతుంది. రెండు గోడల మధ్య బంతి అనే పాత పోలికను ఇక్కడ వాడలేదు. కణం తరంగాన్ని ఢీకొని వెనుదిరగదనీ, దాని గుండా సాగిపోతుందనీ ఆ పోలిక మరిపిస్తుంది కాబట్టి ఇది మంచి నిర్ణయమే. కదిలే అయస్కాంత మేఘాలను ఢీకొని కణాలు శక్తి పొందుతాయన్న, భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ 1949 నాటి ఆలోచనలో ఎదురుదెబ్బల లాభాన్ని వెనుకదెబ్బల నష్టం చాలావరకు మింగేసేదనీ, ఆ లోపం 1977–78లో వచ్చిన ఈ అభిఘాత తరంగ సిద్ధాంతంలో తొలగిపోయిందనీ స్పష్టంగా చూపించారు. అనుబంధంగా ఇచ్చిన అనుకరణ సాధనంలో సంపీడన నిష్పత్తిని (తరంగం వాయువును ఎన్ని రెట్లు నొక్కుతుందో దాన్ని) 4కు మారిస్తే వర్ణపటపు ఘాతం (శక్తి పెరిగేకొద్దీ కణాల సంఖ్య ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పే అంకె) 2 దగ్గర స్థిరపడటం కళ్లారా చూడవచ్చు. భూమి దగ్గర అది సుమారు 2.7గా ఎందుకు కనబడుతుందో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు.

సాక్ష్యాల పాఠం కూడా నిజాయితీగా సాగింది. ఎస్ఎన్ 1006 అనే అవశేషం నుంచి వచ్చే సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలు (అయస్కాంత క్షేత్రంలో వంపు తిరిగే వేగవంతమైన ఎలక్ట్రాన్లు వెలువరించేవి) ఎలక్ట్రాన్ల త్వరణానికే రుజువు. ప్రోటాన్ల విషయంలో మాత్రం, 2013లో ఐసీ 443, డబ్ల్యూ 44 అవశేషాల గామా వర్ణపటంలో ఫెర్మీ అంతరిక్ష దూరదర్శిని చూపిన పయాన్ క్షయపు గుర్తు (ప్రోటాన్లు వాయువును ఢీకొన్నప్పుడు పుట్టే పయాన్ కణాలు గామా కిరణాలుగా మారిన జాడ) కీలకం.

నా అభ్యంతరమంతా చివరి పాఠంపైనే. సుమారు 3 పెటా ఎలక్ట్రాన్ వోల్టుల (3,000 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల) దగ్గర విశ్వకిరణాల వర్ణపటం ఒక్కసారిగా మరింత ఏటవాలుగా మారే ‘మోకాలు’ వరకు ఈ అవశేషాలే కణాలను చేర్చుతాయని అక్కడ తీర్మానించారు. కణాలే అయస్కాంత క్షేత్రాన్ని పెంచుకుంటాయన్న, భౌతికశాస్త్రవేత్త బెల్ 2004 నాటి వాదాన్ని ఆధారంగా చూపారు గానీ, కాసియోపియా ఏ అనే వయసులో చిన్నదైన అవశేషపు గామా వర్ణపటం కొన్ని టెరా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే పడిపోతుందన్న చిక్కును ప్రస్తావించలేదు. అభ్యాసాలకు జవాబులు జతచేయలేదు. అడిగితే నిర్వాహకుల నుంచి బదులూ రాలేదు. కలనగణితం వచ్చినవారు మూడో, నాలుగో పాఠాలను నిశ్చింతగా చూడవచ్చు. చివరిదాన్ని చూసేముందు కాసియోపియా ఏ పరిశీలనలను చదివి ఉంచుకోవడం మేలు.