భుజం నొప్పికి ఆన్‌లైన్‌లో స్ట్రెంత్ ప్రోగ్రాం కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

కుడి చెయ్యి ఇంకా పైకి లేవట్లేదు, ఎడమ చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమీ అనుకోవద్దు. ఆ భుజం రిహాబ్ ప్రోగ్రాం అమ్మే ఆయన గురించే, రీల్స్‌లో మీకూ కనపడే ఉంటాడు, పేరు రాయట్లేదు. 6 నెలల నుంచి నొప్పి, ఫిజియో చుట్టూ తిరిగే ఓపిక లేక డబ్బంతా ముందే కట్టేశా. "మీ ఒక్కరి కోసం చేసిన ప్లాన్" అన్నాడు. తీరా పీడీఎఫ్ తెరిస్తే రెండో పేజీలో "మోకాలి నొప్పి తగ్గేకొద్దీ బరువు పెంచండి" అని ఉంది. మోకాలు! ఇంకెవరికో ఇచ్చిందే నాకూ పంపాడు. అక్కడే ఆగాల్సింది, టైపింగ్ పొరపాటేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా, అది మాత్రం నా తప్పే.

మొదటి వారం నుంచే డంబెల్స్‌తో ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువు తల పైకి ఎత్తడం), అప్‌రైట్ రో (ఒంటికి దగ్గరగా గడ్డం వైపు పైకి లాగడం). నా చెయ్యి ఎంతవరకు లేస్తుంది, ఎటు తిప్పితే నొప్పి అని ఒక్కసారన్నా చూస్తేగా. 9వ రోజు వీడియో కాల్‌లో చెప్పా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానండీ, పొద్దున లేచేసరికి నొప్పి ఇంకా ఎక్కువుంటోంది, బరువు తగ్గిద్దామా అని. వేరే ఫోన్ చూసుకుంటూ తలెత్తకుండానే "నొప్పి ఓర్చుకోలేనివాళ్ళకి బలం రాదండీ, మీరు భయపడుతున్నారు, ఇంకో 5 కొట్టండి" అన్నాడు. కొట్టా. మూడోసారి మోచెయ్యి భుజం ఎత్తుకి వచ్చిందో లేదో లోపల ఏదో పట్టేసినట్టై జివ్వుమంది, డంబెల్ జారి కింద పడింది. ఆ చప్పుడుకి అప్పుడు తలెత్తాడు. "సెట్ పూర్తవలేదుగా" అన్నాడు. దెబ్బ తగిలిందా అని కూడా అడగలేదు! రాత్రి మెసేజ్ పెడితే "మీ ఫామ్ (చేసే తీరు) తప్పు, రీఫండ్ లేదు", తెల్లారేసరికి బ్లాక్.

నిన్న ఫిజియో దగ్గరికెళ్తే ముందు అరగంట సేపు చెయ్యి అన్ని వైపులా తిప్పి చూశారు. రొటేటర్ కఫ్ అంటే భుజం బంతిని గిన్నెలో నిలిపి ఉంచే 4 కండరాలట, వాటి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) రేగి ఉన్నప్పుడు అది మోయగలిగినంతే ఇచ్చి మెల్లగా పెంచుకుంటూ పోవాలట. నాకిప్పుడు ఇచ్చింది, మోచెయ్యి ఒంటికి ఆనించి మణికట్టు వెనకవైపుతో గోడని నెట్టి పట్టుకోవడం, అంతే. తర్వాత చంకలో టవల్ చుట్ట పెట్టుకుని బ్యాండ్ బయటికి లాగడం, పైకెత్తే బరువులు ఎప్పటికో. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా పర్లేదు గానీ మర్నాడు పొద్దునకి ఎక్కువైతే డోస్ ఎక్కువైనట్టే, తగ్గించాలి అన్నారు. నేను ఆ కాల్‌లో మొత్తుకుంది అదే కదా! 12 వారాలన్నా పట్టొచ్చట. అంటే భుజానికి బరువులు చెయ్యడం తప్పు కాదు, మందు అదే, నన్ను చూసి మానేయకండి.

చెయ్యి ఎత్తించి చూడకుండా ప్లాన్ ఇచ్చేవాళ్ళకి డబ్బు కట్టొద్దు. ఇంకొకళ్ళు పట్టుకుని ఎత్తినా చెయ్యి లేవకపోతే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావచ్చు, దాని పద్ధతి వేరు. కింద పడ్డాక చెయ్యి ఎత్తలేకపోయినా, చేతిలోకి తిమ్మిరి దిగుతున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్ళుంటే ఆ రెండో పేజీ ఓసారి తెరవండి, మీకూ మోకాలే వచ్చిందేమో చూసి చెప్పండి.