పనసపొట్టు కూరకు ఫుల్ మార్కులు, గ్యారంటీ ప్లేట్లకు సున్నా

మొన్న ఫాల్గుణంలో మా చెల్లి పెళ్లి, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్లో. క్యాటరింగ్ వాళ్ల పేరు ఎందుకులెండి, చాలామంది ఇదే పద్ధతిలో చేస్తున్నారు, మీరు ఎవరికిచ్చినా ఇవి అడిగి చూసుకోండి.

రుచికి వంక పెట్టలేం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అదిరిపోయింది, ఘాటు నషాళానికి అంటింది. పూర్ణం బూరెలు బాణలి నుంచి నేరుగా విస్తట్లోకే వచ్చాయి, కుర్రాడు వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసి మరీ వెళ్లాడు. సాంబారు సోసో.

ఇక డబ్బు సంగతి. ప్లేటు 650 రూపాయలు, గ్యారంటీ (ఎంతమంది వచ్చినా డబ్బు కట్టాల్సిన కనీస లెక్క) 800 ప్లేట్లు. మా వాళ్లు 650 మందికి మించరండీ అని నాన్న ఎంత చెప్పినా, ముహూర్తాల సీజన్ సార్, అంతకు తగ్గితే కుదరదు అని మేనేజర్ తెగేసి చెప్పాడు. మనుషులు పెరిగితే ప్లేటుకింత అని అదనంగా కట్టాలట, తగ్గితే మాత్రం పైసా వెనక్కి రాదు, ఇదేం న్యాయమో. చివరికి వచ్చింది 640 మంది. అంటే ఎవరూ ముట్టని 160 ప్లేట్లకు లక్షా నాలుగు వేలు, దాని మీద 5 శాతం జీఎస్టీ కూడా. పోనీ నిజంగా 800 మందికి వండారా అంటే అదీ తేలదు, 700కి వండి 800కి బిల్లు వేసినా పెళ్లి హడావుడిలో గుండిగలు లెక్కపెట్టేదెవరు!

మెనూలో 32 ఐటమ్స్. బఫే పక్క ప్లేట్లు పడేసే టబ్బు దగ్గర కాసేపు నిలబడితే విషయం అర్థమైంది. సగం సగం రోటీలు, అలాగే ఉన్న నూడుల్స్, ఒక్క కొరుకు కొరికి వదిలేసిన గులాబ్ జామ్‌లు. మళ్లీ క్యూలో ఎవడు నిలబడతాడని జనం అన్నీ ఒకేసారి పెట్టేసుకుంటున్నారు, పాపం వాళ్లననీ లాభం లేదు. అదే హాల్లో ఇంకో పక్క బంతి వేశారు కదా, అక్కడ అడిగి వడ్డిస్తున్నారు, చాలు అంటే ఆపుతున్నారు, చాలా విస్తళ్లలో కరివేపాకు, మునక్కాడ పిప్పి తప్ప ఏం లేదు. ప్లేటు రేటు మాత్రం రెండు పక్కలా అదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి పారేసిన తిండి 105 కోట్ల టన్నులు, అందులో 28 శాతం హోటళ్లు, క్యాటరింగ్ లాంటి చోట్ల పోయిందే. ఇళ్లలో పోయింది 60 శాతం, కాబట్టి మనమూ తక్కువేం తినలేదు.

మిగిలింది ఇంటికి పంపించం అన్నారు క్యాటరింగ్ వాళ్లు, రేపు ఎవరికైనా తేడా చేస్తే మా మీదకొస్తుందని. సరే, ఆ భయం అర్థం చేసుకోవచ్చు. కానీ మిగిలిన తిండిని పేదలకు పంచే రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు రూపాయి తీసుకోకుండా వచ్చి పట్టుకెళ్తారు, ముట్టనిది, పాడవనిది అయితే చాలు. ఆ మాట ఎత్తితే, కౌంటర్లు మూసేదాకా ఏదీ కదిలించం అన్నారు. మూసేసరికి పదకొండు దాటింది, పెరుగన్నం పులిసి వాసన వచ్చేసింది. మనం డబ్బు కట్టి కొన్న అన్నం మన కళ్ల ముందే టబ్బుల్లోకి పోయింది.

అయినా 3 స్టార్లు ఇస్తున్నా, వంట కోసం. శ్రావణంలో మా బాబాయి కొడుకు పెళ్లికీ వీళ్లనే పెట్టుకున్నాం, ఈసారి 18 ఐటమ్స్, మొత్తం బంతే, ప్లేటు 480కి దిగారు. గ్యారంటీ 400, అందులో 10 శాతం దాకా తగ్గితే ఆ డబ్బు వెనక్కి, తొమ్మిదిన్నరకల్లా ముట్టని గుండిగలు మాకు అప్పగించాలి అని కాగితం మీద రాయించి సంతకం పెట్టాకే బాబాయి అడ్వాన్స్ చేతికిచ్చాడు.